ప్రయోగశాలలో మళ్ళీ పలక

తెలుగు పిల్లల చదువు పలకతో మొదలవుతుంది. బియ్యంలో వ్రేలు పట్టి దిద్దించిన ఓనమాలు ముందు పలక మీదికి, కొన్నాళ్ళకు కాగితం మీదికి చేరుతాయి. పలక మీద బలపంతో వ్రాసినది తడిగుడ్డతోనో, పంతులుగారు చూడనప్పుడు ఉమ్మితోనో తుడిచివేయవచ్చు. తప్పు చేసిన ఆనవాలు మిగలదు గనుకనే అది నేర్చుకొనేవారికి తగిన సాధనం అయింది. నోటు పుస్తకం అంత దయగలది కాదు. కొట్టివేత కంటికి కనిపిస్తుంది. ఒక పేజీ చింపితే దానికి జంటగా కుట్టిన రెండవ పేజీ ఊడివచ్చి పట్టిస్తుంది.

ఇన్ని శతాబ్దాలుగా కాగితాన్ని నమ్ముకొన్న రసాయన శాస్త్రజ్ఞుల చేతికి ఇప్పుడు మళ్ళీ పలక వచ్చింది. ఆంగ్లంలో టాబ్లెట్ అంటే పలక అనే అర్థం. మందుల కంపెనీలో ఆ మాటకు మాత్ర అనే అర్థం కూడా ఉండడం వల్ల అప్పుడప్పుడు నవ్వులు పుట్టడమూ కద్దు. ఈ కొత్త పలక మీద వ్రాసినది పాత పలక మీది వ్రాతవలె తుడుచుకుపోతుందా, లేక నోటు పుస్తకంవలె సాక్ష్యం చెబుతుందా అన్నది ప్రయోగశాలలలో పనిచేసే ఎందరో తెలుగువారి ఉద్యోగ జీవితానికి సంబంధించిన ప్రశ్న.

ముందు ఆ నోటు పుస్తకం ఎటువంటిదో చూడాలి. అది గట్టి అట్ట వేసి కుట్టిన పుస్తకం. పేజీలకు వరుస సంఖ్యలు ముందే అచ్చయి ఉంటాయి. చెరగని సిరాతో వ్రాయాలి, పెన్సిలు నిషిద్ధం. తప్పు దొర్లితే అడుగున ఉన్న అక్షరాలు కనిపించేటట్లు ఒక్క గీత మాత్రం కొట్టి, ప్రక్కన పొడి అక్షరాలు, తేదీ వేయాలి. ఖాళీ మిగిలితే, తరువాత ఎవరూ ఏమీ ఇరికించకుండా అడ్డగీత గీయాలి. పేజీ చివర వ్రాసినవారి సంతకం, దాని క్రింద ఆ పనిలో భాగం లేని, కాని ఆ శాస్త్రం తెలిసిన మరొకరి సాక్షి సంతకం ఉండాలి. తాను చదివి అర్థం చేసుకొన్నానని సాక్షి సంతకం చేస్తాడు గనుక, మార్జినులో తెలుగులో మనసులోని మాట వ్రాసుకొనే సరదా మనవారికి ఇక్కడ చెల్లదు.

ఇంత తతంగం ఎందుకో గోర్డన్ గూల్డ్ కథ చెబుతుంది. 1957 నవంబరులో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో 37 ఏళ్ళ పరిశోధక విద్యార్థి. కాంతిని ఒకే దిశలో, ఒకే లయలో వెలువరించే సాధనాన్ని గురించిన తన ఆలోచనను, లెక్కలను ఒక నోటు పుస్తకంలో వ్రాసి, దానికి లేజర్ అని పేరు పెట్టాడు. తన ఇంటికి సమీపంలో మిఠాయి దుకాణం నడుపుతూ నోటరీ పని కూడా చేసే వ్యక్తి దగ్గరకు వెళ్ళి ఆ పేజీల మీద తేదీతో సహా ముద్ర వేయించుకొన్నాడు. అంతవరకు ఆయన చేసినది సవ్యంగానే ఉంది. అయితే, పనిచేసే యంత్రాన్ని నిర్మించిన తరువాతే పేటెంటుకు దరఖాస్తు చేయాలని పొరబడి, 1959 ఏప్రిల్ దాకా ఆగాడు. ఈలోగా 1958లోనే టౌన్స్, షాలో అనే ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు దరఖాస్తు పెట్టారు, 1960లో పేటెంటు పొందారు.

అప్పటి అమెరికా చట్టం ప్రకారం ముందు దరఖాస్తు చేసినవారి కన్న ముందు కనుగొన్నవారిదే హక్కు. మిఠాయి దుకాణంలో ముద్ర పడిన తేదీ గూల్డుకు బలమే. అయినా 1966లో ఆయన న్యాయస్థానంలో ఓడిపోయాడు. ఆలోచన పుట్టిన తరువాత దానిని కార్యరూపంలోకి తేవడానికి ఎడతెగకుండా కృషి చేసినట్లు ఋజువు చాలలేదని తీర్పు వచ్చింది. మొదటి రోజు పేజీలు ఉన్నాయి, ఆ తరువాతి నెలల దినచర్యకు తగినంత సాక్ష్యం లేదు. లేజరుకు సంబంధించిన ఒక ముఖ్యమైన అమెరికా పేటెంటు చివరకు 1977లో ఆయన చేతికి అందింది. అప్పటికి ఇరవై ఏళ్ళు గడిచాయి.

ఎవరు ముందు అన్న ప్రశ్న భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితంలోనూ తారసపడుతుంది. జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, అమెరికాలో ఫిస్కె, సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. ఇటువంటి చోట ప్రతి తేదీకీ విలువ ఉంటుంది.

2013 మార్చి 16 నుండి అమెరికా చట్టం మారింది. ముందుగా దరఖాస్తు చేసినవారికే ఇప్పుడు ప్రాధాన్యం. దానితో నోటు పుస్తకపు గౌరవం తగ్గిందని కొందరు భావించారు. అది తొందరపాటు. ఒకరి ఆలోచనను మరొకరు అపహరించారన్న వివాదం వస్తే నేటికీ ఆ పేజీలే దిక్కు. ఔషధ పరిశ్రమలో అయితే పేటెంటు ప్రసక్తి లేకపోయినా ఆ పేజీలు కావాలి. గుంటూరులో తల్లి, న్యూజెర్సీలో కొడుకు ఒకే కర్మాగారంలో తయారైన రక్తపోటు మాత్ర మింగే రోజులివి. ఆ మాత్రలో ఉండవలసిన మందు ఉండవలసినంత ఉన్నదని పరీక్షించిన రసాయనజ్ఞుని అంకెలు నిజమైనవా, సాయంత్రం కుదిర్చి వ్రాసినవా అన్నది కాగితం చూస్తేనే తెలియాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీదారులు ఉత్పత్తి గదులతోపాటు చెత్తబుట్టలను కూడా పరిశీలించడానికి కారణం ఇదే. 2010 తరువాతి దశాబ్దంలో భారతదేశంలోని పలు మందుల కర్మాగారాలకు అందిన హెచ్చరిక లేఖలలో చింపిన పత్రాలు, విడి కాగితాల మీద వ్రాసి తరువాత ఎక్కించిన అంకెలు, తుడిచివేసిన కంప్యూటరు ఫలితాలు పదే పదే కనిపిస్తాయి.

ఇక పలక సంగతి. చేతివ్రాతను పోల్చుకొనే చేతి కంప్యూటరును ఆపిల్ సంస్థ 1993లో న్యూటన్ పేరుతో తెచ్చినప్పుడు అది అక్షరాలను తప్పుగా చదివి నవ్వులపాలైంది. ఐపాడ్ 2010లో వచ్చింది. దానికి ఆ సంస్థ సొంత కలం 2015లో గాని రాలేదు. కలాలలో ఒక రకానికి బ్యాటరీ అక్కరలేదు. అద్దం క్రింద వల వలె పరచిన సన్నని తీగలు విద్యుదయస్కాంత క్షేత్రాన్ని వెలువరిస్తాయి. కలంలోని తీగచుట్ట ఆ శక్తినే గ్రహించి, తిరిగి సంకేతం పంపుతుంది. ఏ తీగ దగ్గర సంకేతం ఎంత బలంగా ఉన్నదో చూసి కలం మొన ఎక్కడ ఉన్నదో యంత్రం లెక్కకడుతుంది. ఒత్తి వ్రాస్తే సంకేతపు పౌనఃపున్యం మారి గీత లావవుతుంది. తాటాకు మీద గంటంతో ఒత్తి వ్రాసిన పూర్వులకు ఈ సూత్రం తెలియకపోయినా ఆ ఒత్తిడి మాత్రం సుపరిచితమే.

కొన్ని పలకల తెర కాగితాన్ని పోలి ఉంటుంది. అందులో కంటికి ఆనని గుళికలు, వాటిలో నల్లని, తెల్లని రేణువులు ఉంటాయి. తెల్లనివి టైటానియం డయాక్సైడ్, అంటే గోడలకు వేసే రంగులలో తెలుపునిచ్చే పదార్థమే. విద్యుత్తు ఆవేశాన్ని బట్టి ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. ఒకసారి తేలిన తరువాత విద్యుత్తు ఆపినా అక్షరం అలాగే నిలుస్తుంది.

పలక చేసే మేలు కాదనరానిది. రసాయన చర్య ఎంతవరకు సాగిందో తెలుసుకొనడానికి శాస్త్రజ్ఞులు పలుచని పొర పూసిన పళ్ళెం మీద మచ్చలు వేసి చూస్తారు. అయొడిన్ ఆవిరిలో మచ్చలు గోధుమ రంగులో బయటపడి, కాసేపటికే వెలిసిపోతాయి. పూర్వం పుస్తకంలో పళ్ళెం బొమ్మ గీసి, మచ్చల చోట సున్నలు చుట్టేవారు. ఇప్పుడు పలకతో ఫోటో తీసి, దాని మీదనే వ్యాఖ్య వ్రాస్తే పని అయిపోతుంది. త్రాసు నుండి వచ్చే బరువు చీటీ చాలా చోట్ల వేడికి నల్లబడే కాగితమే. కొన్ని సంవత్సరాలకు అందులోని అంకెలు మాసిపోతాయి కనుక, దాని నకలు తీసి అంటించేవారు. ఆ బాధా తప్పింది. మూడేళ్ళ క్రితం చేసిన ప్రయోగం కోసం అలమరలు వెతికే పని కూడా తగ్గింది. కాగితం సిరా మాత్రం ఏమంత భద్రం? బాల్‌పాయింట్ వ్రాత మీద అసిటోన్ బొట్టు పడితే ఏమవుతుందో రసాయనజ్ఞులలో చూడనివారుండరు.

కష్టాలూ ఉన్నాయి. తొడుగు వేసుకొన్న చేతితో తాకిన తెరను భోజనాల గదిలో ఉత్తచేతితో తాకకూడదు. పలక ఇంటికి చేరితే పసిపిల్లలు తాకుతారు. మండే ద్రావకాల ఆవిరి నిండిన చోట మామూలు బ్యాటరీ పరికరాలను వాడడం ప్రమాదకరం. అందువల్ల కర్మాగారాలలో అలాంటి చోట్లకు ప్రత్యేకంగా ధ్రువీకరించిన పరికరాలే కావాలి. ఇవన్నీ జాగ్రత్తతో దాటగలిగినవే.

అసలు చిక్కు చెరపడంలో ఉంది. మామూలు నోట్సు కార్యక్రమంలో కలం వెనుక కొసతో రుద్దితే 4.82 గ్రాములు మాయమై 4.28 గ్రాములు వస్తుంది. మారినట్లు పేజీ మీద ఏ గుర్తూ ఉండదు. చేసినవాడు నిజాయితీపరుడే, అంకెలు తారుమారైతే దిద్దుకొన్నాడు. కాని ఆరు నెలల తరువాత ఆ ప్రయోగం మరొకరి చేతిలో విఫలమైనప్పుడు, మొదట వ్రాసినది ఏది, ఎప్పుడు, ఎందుకు మార్చారు అని అడిగితే చూపడానికి ఏమీ మిగలదు. 1997 ఆగస్టులో అమలులోకి వచ్చిన అమెరికా ఔషధ సంస్థ నియమాలలోని పదకొండవ విభాగం సరిగ్గా దీనినే పట్టించుకొంది. కంప్యూటరులో రికార్డు మార్చితే యంత్రమే తేదీ, సమయం, మార్చినవారి పేరు నమోదు చేయాలి. పాత సమాచారం మరుగున పడకూడదు. ఒక్క గీత కొట్టి అడుగు అక్షరాలు కనిపించనివ్వమన్న పాత పుస్తకపు నియమమే ఇది. ప్రయోగశాలల కోసం ప్రత్యేకంగా తయారైన ఎలక్ట్రానిక్ నోటు పుస్తకాలు ఈ ఏర్పాటుతో వస్తాయి. దుకాణంలో కొన్న పలకలోని సాధారణ నోట్సుకు సాధారణంగా ఈ ఏర్పాటు ఉండదు. రెండూ చూడడానికి ఒకేలా ఉండడం వల్లనే కొత్తగా చేరినవారు పొరబడుతున్నారు.

కాలం పెట్టే పరీక్ష మరొకటి ఉంది. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథం చర్మపత్రాల మీద నేటికీ చదవ వీలుగా ఉంది. దాని తొమ్మిది వందల ఏళ్ళ పండుగకు 1986లో బి.బి.సి. లేజర్ పళ్ళాల మీద ఒక నూతన డూమ్స్‌డే సంకలనం చేసింది. పదహారేళ్ళు గడిచేసరికే వాటిని చదివే యంత్రాలు అరుదైపోయి, లోపలి సమాచారాన్ని రక్షించడానికి నిపుణులు నానా తంటాలు పడవలసి వచ్చింది. అందుచేత వివేకం గల ప్రయోగశాలలు పలక మీది పేజీలను ఎప్పటికప్పుడు పి.డి.ఎఫ్. రూపంలోకి మార్చి, సంతకంతో తాళం వేసి, వేరే చోట మరొక ప్రతిని దాస్తున్నాయి.

ప్రవాస కుటుంబాలు ప్రత్యేకించి ఎరుగవలసిన సంగతి ఒకటి మిగిలింది. ఉద్యోగంలో వ్రాసిన నోటు పుస్తకం యజమాని ఆస్తి. మానివేసేటప్పుడు లెక్క చూసి అప్పగించడం ఆనవాయితీ, అంత లావు పుస్తకాన్ని పొరపాటున సంచిలో వేసుకొని పోయేవారు లేరు. సొంత డబ్బుతో కొన్న పలక తెలియకుండానే ఆ పని చేస్తుంది. ఆఫీసులో వ్రాసిన పేజీ రాత్రికి రాత్రి సొంత ఖాతాలోకి, అక్కడి నుండి ఇంటిలోని కంప్యూటరులోకి, పిల్లల ఫోనులోకి కూడా చేరవచ్చు. 1996 నాటి ఆర్థిక గూఢచర్య చట్టం ప్రకారం వ్యాపార రహస్యాల అపహరణ అమెరికాలో నేరం. దురుద్దేశం లేదని ఋజువు చేసుకొనగలిగినా, వీసా మీద ఉన్నవారికి ఆ విచారణ కాలమే ఉద్యోగాన్ని, దేశంలో నివసించే అనుమతిని ప్రమాదంలో పడవేస్తుంది. భయపడి తనంతట తాను ఆ పేజీలను తుడిచివేయడం మరింత చేటు, సాక్ష్యాన్ని నాశనం చేశారంటారు. కంపెనీవారికి వ్రాతపూర్వకంగా తెలిపి, వారి ఎదుటనే తీయించడం మంచిది. అంతకన్న మంచిది, మొదటి రోజునే కంపెనీ ఇచ్చిన పలక మీద, కంపెనీ ఖాతాలో వ్రాయడం. చివరి రోజున తాళపు చెవులతోపాటు దానినీ అప్పగించి, రసీదు తీసుకోవాలి. కలం కూడా వారిదే అయితే, కలాన్ని కూడా.