ఉష్ణ విశ్లేషణ ద్వారా ద్రవీభవన స్థాన నిర్ణయం: యూరియా, పామాయిల్ నేర్పే పాఠాలు

ఏలూరు చెంతనున్న వట్లూరుకు దక్షిణాన కొల్లేరు వైపు వరి భూములు, ఉత్తరాన పెదవేగి వైపు మెట్టలో ఆయిల్‌పామ్ తోటలు విస్తరించి ఉన్నాయి. పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ జాతీయ పరిశోధన కేంద్రం ఏర్పడింది. వరికీ, ఆయిల్‌పామ్‌కూ వేసే ప్రధాన నత్రజని ఎరువు యూరియా. ఆయిల్‌పామ్ గెలల నుండి లభించేది పామాయిల్. నాణ్యతపై సందేహం కలిగినప్పుడు ఈ రెండింటి విషయంలోనూ ‘ద్రవీభవన స్థానం ఎంత?’ అన్న ప్రశ్న తలెత్తుతుంది. అయితే ఈ రెండు పదార్థాలకూ కొలిచే విధానం ఒకటి కాదు, వచ్చే జవాబు స్వభావమూ ఒకటి కాదు.

పద్ధతి సూత్రం

కేశనాళిక పద్ధతిలో పదార్థం కరిగిన క్షణాన్ని కన్ను నిర్ణయిస్తుంది. డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమెట్రీ (డి.ఎస్.సి.)లో ఆ పని ఉష్ణ ప్రవాహం చేస్తుంది. కొన్ని మిల్లీగ్రాముల నమూనా ఉన్న అల్యూమినియం గిన్నెను, ఒక ఖాళీ గిన్నెను ఒకే రేటున వేడిచేస్తారు. నమూనా కరిగేటప్పుడు గుప్తోష్ణాన్ని గ్రహిస్తుంది కనుక రెండు గిన్నెల ఉష్ణ ప్రవాహాల మధ్య తేడా వక్రరేఖపై శిఖరంగా నమోదవుతుంది. ఆ శిఖరం కింది వైశాల్యం ద్రవీభవన ఉష్ణాన్ని తెలుపుతుంది.

శిఖరాగ్రం వద్ద ఉన్న ఉష్ణోగ్రతను ద్రవీభవన స్థానంగా తీసుకోరాదు. వేడిచేసే రేటు, నమూనా బరువు పెరిగినకొద్దీ అది పైకి జరుగుతుంది. శుద్ధ పదార్థానికి, శిఖరపు ఆరంభ వాలు మీద గీసిన స్పర్శరేఖ ఆధార రేఖను ఖండించే బిందువే ప్రమాణం. పరికరాన్ని ముందుగా 156.6 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే ఇండియంతో, పరీక్షలో వాడబోయే రేటుతోనే సరిచూడాలి.

యూరియా: తొలి వేడిలోనే కొలత

శుద్ధ యూరియా సుమారు 133 డిగ్రీల వద్ద కరుగుతుంది. దీనికి తేమను పీల్చే గుణం ఉన్నందున నమూనాను ముందుగా ఆరబెట్టాలి. తేమ గానీ ఇతర మలినం గానీ ఉంటే ద్రవీభవనం ముందుగానే మొదలై, శిఖరం వెడల్పవుతుంది.

కరిగిన యూరియా స్థిరంగా ఉండదు. వేడి కొనసాగితే రెండు యూరియా అణువులు కలిసి ఒక అమ్మోనియా అణువును విడిచి బైయురెట్‌గా మారుతాయి. అందువల్ల డి.ఎస్.సి.తో పాటు బరువు మార్పును నమోదు చేసే థర్మోగ్రావిమెట్రీని కూడా పరిశీలించాలి. ద్రవీభవనంలో బరువు తగ్గదు. బరువు తగ్గుతున్నదంటే విఘటనమో, తేమ ఆవిరి కావడమో జరుగుతున్నదని అర్థం. ఒకసారి కరిగించిన నమూనాను చల్లార్చి మళ్లీ కొలిస్తే, ఏర్పడిన బైయురెట్ కారణంగా తక్కువ విలువ రావచ్చు.

పామాయిల్: ముందు కరిగించి, తరువాత కొలత

పామాయిల్ అనేక ట్రైగ్లిజరైడ్ల మిశ్రమం. అందులోని కొవ్వు ఆమ్లాలలో పామిటిక్ ఆమ్లం సుమారు 44 శాతం, ఓలియిక్ ఆమ్లం సుమారు 40 శాతం. ఈ నూనె ఒకే బిందువు వద్ద కాక ఒక విస్తృత అవధిలో కరుగుతుంది. వక్రరేఖపై తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఓలీన్ భాగం, ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద స్టియరిన్ భాగం విడివిడిగా కనిపిస్తాయి. సాధారణంగా పేర్కొనే 33–39 డిగ్రీల విలువ, కేశనాళికలో గడ్డకట్టిన నూనె మెత్తబడి పైకి జారే ఉష్ణోగ్రత మాత్రమే.

పైగా కొవ్వు స్ఫటికాలు బహురూపాలు కలవి. నూనె ఎంత వేగంగా చల్లారిందన్న దానిని బట్టి అవి కరిగే ఉష్ణోగ్రత మారుతుంది. కనుక నమూనాను సుమారు 80 డిగ్రీల వద్ద పది నిమిషాలు ఉంచి పాత స్ఫటికాలను పూర్తిగా కరిగించి, నిర్ణీత రేటున చల్లార్చిన తరువాతే కొలవాలి. యూరియా విషయంలో దోషమైన పూర్వ ద్రవీభవనం ఇక్కడ తప్పనిసరి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

ద్రవీభవన స్థానం తగ్గితే మలినం ఉన్నదని అనుమానించవచ్చు. ఆ మలినం ఏదో వక్రరేఖ ఒక్కటే చెప్పలేదు. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం యూరియాలో బైయురెట్ 1.5 శాతం మించరాదు. దానిని రసాయన పరీక్షతోనే నిర్ధారించాలి. వేప నూనె పూసిన యూరియా నుండి ప్రయోగశాల శుద్ధ యూరియా విలువను యథాతథంగా ఆశించరాదు. అలాగే చలికాలపు ఉదయాన సీసాలోని పామోలీన్ మసకబారడం కల్తీకి రుజువు కాదు. అధిక ఉష్ణోగ్రత వద్ద కరిగే ట్రైగ్లిజరైడ్లు స్ఫటికీకరించడమే సాధారణంగా దానికి కారణం.

నమూనా బరువు, దాని ఉష్ణ చరిత్ర, వేడిచేసిన రేటు, వాయు వాతావరణం, సరిచూసిన ప్రమాణ పదార్థం, విలువ తీసుకున్న బిందువు – ఈ ఆరు వివరాలు లేని నివేదికలోని అంకె ఆధారంగా ఏ వ్యాపారిపైనా, ఏ రైతుపైనా కల్తీ నింద మోపడం శాస్త్రీయం కాదు.