పాత మిద్దె కలపతో కొత్త ఇంటికి శోభ

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే అయినా, దాని చుట్టూ ఉన్నవి ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ గ్రామాలే. ఒకవైపు మడకశిర, మరొకవైపు పెనుకొండ, ఇంకొకవైపు కళ్యాణదుర్గం. పాలనలో రాష్ట్రాలు వేరైనా, పాతకాలపు ఇల్లు కట్టే పద్ధతి మాత్రం ఒక్కటే. రాతి గోడలు, కొయ్య కంబాలు, వాటిపై దూలాలు, దూలాలపై దంతెలు, అన్నింటికీ పైన చవుడు మట్టి. తాతల నాడు ఇట్లా కట్టిన మిద్దెలు ఇప్పుడు ఒక్కొక్కటిగా నేలమట్టమై, వాటి స్థానంలో కాంక్రీటు ఇళ్ళు లేస్తున్నాయి.

ఇందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. వాన కురిస్తే కారే మిద్దెలో ఉండమని ఎవరినీ కోరలేము. అయితే ఒక్క విషయం మాత్రం ఆలోచించదగినది. మిద్దె విప్పిన రోజున దూలాలు, తలుపులు, కంబాలు వంటచెరకుగా పోతున్నాయి, లేదా పాత సామాన్ల వ్యాపారి అన్నింటికీ కలిపి ఒక మొత్తం ఇచ్చి ట్రాక్టరుకు ఎత్తుకొనిపోతున్నాడు. గృహప్రవేశం ముగిసిన కొద్ది నెలలకే అదే కుటుంబం పట్టణానికి పోయి, పొట్టు అదిమి చేసిన అట్టచెక్క అరలను అప్పు చేసి కొని తెస్తున్నది. తడి తగిలితే ఉబ్బిపోయే ఆ అరల కన్నా, మనం పారవేసిన దూలం ఎన్నో రెట్లు గట్టిది. ఇంటికి అందం తెచ్చే కలపను బజారులో వెదికే ముందు, కూలబోయే ఇంటిలోనే వెదకాలి.

విప్పక ముందే లెక్క

కలపను అమ్మదలచినా, ఉంచుకోదలచినా ముందుగా కొలవాలి. పొడవు, వెడల్పు, మందం మూడింటినీ అడుగులలో గుణిస్తే ఘనపుటడుగులు తెలుస్తాయి. ఉదాహరణకు 10 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం గల దూలంలో 2.5 ఘనపుటడుగుల కలప ఉంటుంది. దీనిని సా మిల్లులో అంగుళం మందపు పలకలుగా కోయిస్తే, రంపపు కోతకూ అంచులకూ పోయినది పోగా, 4 పలకలైనా మిగులుతాయి. వాటినుండి 4 అడుగుల అరపలకలు ఎనిమిది, 2 అడుగుల ముక్కలు నాలుగు వస్తాయి. రెండేసి పలకలను జోడిస్తే అడుగు వెడల్పు గల నాలుగు అరలు సిద్ధం. ఒక్క దూలంతో వంటింటి గోడ నిండుతుంది. ఈ లెక్క చేతిలో ఉంటే వ్యాపారి చెప్పే ధర న్యాయమైనదా కాదా అన్నది కూడా తెలిసిపోతుంది.

మిద్దె విప్పటంలో తొందర ప్రాణాంతకం. అడుగు మందం మట్టి ఉన్న పైకప్పు చదరపు అడుగుకు దాదాపు 45 కిలోల బరువు ఉంటుంది. కనుక మొదట పైనున్న మట్టిని దించి, తరువాత దంతెలు, ఆ తరువాత దూలాలు, చివరగా కంబాలు తీయాలి. తలుపు బాగుందని ముందే ద్వారబంధాన్ని పెకలిస్తే, దానిపై ఆనుకొన్న గోడ కూలవచ్చు. తీసిన దూలాలలో మేకులు ఒక్కటి కూడా మిగలకుండా చూడాలి. మేకు తగిలితే మిల్లు రంపం చెడిపోతుంది. అందుకే కొందరు మిల్లువారు పాత కలపను కోయడానికి వెనుకాడుతారు.

ఏ కొయ్య దేనికి

పాత కలపలో అన్నీ ఒకే విలువ గలవి కావు. టేకును గీరి చూస్తే లోపల బంగారు గోధుమ రంగు, చేతికి కొంచెం జిడ్డు, ఒక ప్రత్యేకమైన వాసన తెలుస్తాయి. అటువంటిది దొరికితే తలుపులకూ, పూజగది చట్రానికీ వాడుకోవాలి. వేప చేవ పురుగును బాగా తట్టుకొంటుంది కనుక అరలకు, పెట్టెలకు అనుకూలం. చింత చేవ నల్లగా, మిక్కిలి గట్టిగా ఉంటుంది. పీటలకు, కత్తిపీట చెక్కలకు తగినది. కాని చింతలో చేవ చుట్టూ ఉండే తెల్లని భాగాన్ని పురుగు త్వరగా పడుతుంది, దానిని తీసివేయాలి. కానుగ పురుగుకు తొందరగా లొంగుతుంది. దానిని ఇంటి అలంకరణకు వాడకపోవడమే మేలు.

పాత మిద్దె లేనివారికి కూడా ఒక మార్గం ఉన్నది. చెరువు గట్టుల మీద, బీళ్ళలో అల్లుకొన్న సర్కారు తుమ్మను, కన్నడంలో బళ్ళారి జాలి అనేదానిని, మనం పొయ్యికీ బొగ్గుకూ తప్ప దేనికీ పనికిరాదనుకొంటాము. నిజానికి దాని చేవ ముదురు ఎరుపు గోధుమ వర్ణంలో, దృఢంగా ఉంటుంది. ఎండినపుడు మిగతా కొయ్యల వలె అంతగా వంగదు. మాను వంకరగా, పొట్టిగా ఉండటం వలన పెద్ద పలకలు రావు. చిన్న ముక్కాలి పీటలకు, గోడ కొయ్యలకు, దీపపు దిమ్మెలకు మాత్రం చక్కగా అమరుతుంది. పచ్చి కొయ్యను వెంటనే వాడరాదు. పలకల మధ్య పట్టీలు పెట్టి, నీడలో, గాలి ఆడే చోట పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఒక సంవత్సరం అన్నది పెద్దల లెక్క. మన ఎండలకు అంతకన్నా త్వరగానే ఆరవచ్చు.

శుభ్రం చేసే తీరు

మొదట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మొన సులభంగా దిగితే ఆ భాగం పుచ్చినది, కోసి పారవేయాలి. సన్నని రంధ్రాల క్రింద మెత్తని పిండి కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నదని గుర్తు. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన మందును ప్యాకెట్టుపై చెప్పిన కొలత ప్రకారం నీటిలో కలిపి రెండుమూడు సార్లు పూయాలి. వానలో తడిస్తే ఈ మందు కొట్టుకొనిపోతుంది, కనుక ఇంటి లోపలి కలపకే ఇది తగును. చెదలకు పల్లెలలో వాడిన ఇంజను నూనె పూసే అలవాటున్నది. ఆ కంపు, జిడ్డు ఇంటి లోపల వద్దు.

పాత రంగు విషయంలో తల్లులు ప్రత్యేకంగా జాగ్రత్త వహించాలి. ఇంటి రంగులలో సీసాన్ని 90 పీపీఎమ్‌కు పరిమితం చేసిన నియమాలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుండి అమలైనాయి. అంతకు ముందు పూసిన రంగులో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది. అటువంటి తలుపును పొడిగా రుద్దితే లేచే దుమ్ము చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఇంటికి దూరంగా, నీటితో తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకొని గీరాలి. రాలిన పొట్టును పొయ్యిలో వేయరాదు. సంచిలో మూటగట్టి పిల్లలకు అందకుండా పారవేయాలి.

రంగు లేని కలపను వడ్రంగి చేత చిత్రిక పట్టించి, 80 నంబరు, 120 నంబరు, చివరకు 220 నంబరు శాండ్ పేపరుతో వరుసగా రుద్ది, అవిసె నూనె పలుచగా పూస్తే కొయ్య నరములు తేటగా కనబడతాయి. నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పెట్టరాదు. వాటంతట అవే అంటుకొనే ప్రమాదం ఉన్నది. ఆరుబయట పరచి ఆరవేయాలి.

ఇంటిలో ఎక్కడ అమర్చాలి

పాత తలవాకిలి పొట్టిగా ఉంటుంది కనుక కొత్త ఇంటి సింహద్వారానికి కొలత కుదరదు. దానిని పూజగదికి అమర్చవచ్చు. పాత కలప సింహద్వారానికి కూడదని నమ్మే కుటుంబాలకు కూడా ఇది ఇబ్బంది కలిగించదు. చెక్కడం ఉన్న పైకమ్మిని విడిగా తీసి, పడసాలలో అద్దానికి చట్రంగా బిగించవచ్చు. కంబాన్ని రెండుగా కోస్తే వరండాలో రెండు దీపపు దిమ్మెలు.

పూర్వం ప్రతి ఇంటి గోడకు చిలుకకొయ్యలు ఉండేవి. ఒక పలకకు ఐదారు కొయ్యలు దిగగొడితే తువ్వాళ్ళకు, బడి సంచులకు చోటు దొరుకుతుంది. విత్తనపు గొర్రు జడ్డిగం, విరిగిన బండి చక్రం, మూల పడిన రోకలి వంటివి కూడా శుభ్రపరచి నూనె పూస్తే అందమే. అయితే అన్నింటినీ ఒకే గదిలో వ్రేలాడదీస్తే అది సామాన్ల కొట్టమవుతుంది. తెల్లని గోడకు ఒకటి రెండు కొయ్య వస్తువులు చాలు.

సరిహద్దు దాటేటప్పుడు

పుట్టింటి దూలం మెట్టినింటికి తెచ్చుకోవడం మన గ్రామాలలో సహజం. కాని మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్నది. చెట్టు నరకడానికి కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తాయి. కొన్ని జాతుల కలపను తరలించడానికి అటవీశాఖ రవాణా అనుమతి కూడా అవసరం. శ్రీగంధం, ఎర్రచందనం అనుమతి లేకుండా ముట్టుకోనే రాదు. పాత ఇంటి కలప అయినా సరే, విప్పక ముందు ఇంటి ఫొటోలు తీసి, గ్రామ పంచాయతీ నుండి ధృవపత్రం తీసుకొని, దగ్గరలోని రేంజి కార్యాలయంలో విచారించిన తరువాతే ట్రాక్టరు కదిలించాలి. ఒక పూట తిరుగుడుకు వెరస్తే, చెక్‌పోస్టు వద్ద వాహనమే నిలిచిపోవచ్చు.

మిద్దె విప్పటానికి ముహూర్తం పెట్టుకొనేవారు, అంతకు వారం ముందే వడ్రంగిని పిలిచి ఇల్లంతా ఒకసారి చూపించడం మంచిది. ఉంచుకోదగిన ప్రతి కొయ్య మీద సుద్దముక్కతో గుర్తు పెట్టించాలి. ఆ గుర్తులు లేకపోతే కూలీల చేతిలో గడప, వంటచెరకు ఒకటే అవుతాయి. మూడు తరాలు పసుపు పూసి, కుంకుమ దిద్దిన గడప కొత్త ఇంటిలో ఒక మూల అరపలకగానైనా నిలిస్తే, ఆ ఇంటికి అంతకు మించిన అలంకారం ఏమున్నది?