సార్లోస్ తోడేలు కుక్కలో బాహ్య సంకరణం

సార్లోస్ తోడేలు కుక్క నెదర్లాండ్స్ దేశానికి చెందిన ఒక పెంపుడు కుక్క జాతి. ఇది రూపంలోనూ, నడకలోనూ తోడేలును పోలి ఉంటుంది. అతి కొద్ది జంతువుల నుండి ఆవిర్భవించి, తరతరాలుగా తమలో తామే సంతతిని పొందుతూ వచ్చినందున ఈ జాతిలో జన్యు వైవిధ్యం బాగా తగ్గిపోయింది. ఈ లోటును పూరించడానికి వేరొక జాతి కుక్కతో జతకట్టించి, పుట్టిన సంతతిని తిరిగి మూల జాతిలో కలుపుకోవడాన్ని బాహ్య సంకరణం లేదా ఔట్‌క్రాస్ అంటారు. ఇందులో ఏ జాతిని ఎంచుకోవాలన్నదే ముఖ్యమైన ప్రశ్న. రూపంలో బాగా దగ్గరగా ఉన్న జాతి తరచు రక్తంలోనూ దగ్గరిదే అవుతుంది. కాబట్టి చూపులకు తగినదిగా కనిపించే జాతి జన్యుపరంగా అంతగా ఉపయోగపడకపోవచ్చు.

జాతి ఆవిర్భావం

డచ్ దేశస్థుడైన లేండర్ట్ సార్లోస్ (1884–1969) ఈ జాతికి మూలకర్త. ఆనాటి కుక్కలు మనుషుల పెంపకంలో సహజ గుణాలను కోల్పోయాయని ఆయన భావించాడు. 1930 దశకంలో జెరార్డ్ అనే మగ జర్మన్ షెపర్డ్‌ను, ఫ్లూరి అనే ఆడ తోడేలుతో జతకట్టించాడు. పుట్టిన పిల్లలను తిరిగి తండ్రితోనే జతపరచి, పావు వంతు తోడేలు రక్తం గల సంతతిని సాధించాడు. దీనికి మొదట ఐరోపా తోడేలు కుక్క అని పేరు పెట్టారు. తొలి తరాలలో కొన్ని కుక్కలు అంధులకు దారి చూపే పనికి ఉపయోగపడ్డాయి. తోడేలు లక్షణాలు పెరిగిన కొద్దీ ఆ యోగ్యత తగ్గిపోయింది. 1975లో నెదర్లాండ్స్‌లో జాతికి గుర్తింపు లభించినపుడు, మూలకర్త గౌరవార్థం ప్రస్తుత నామం ఇవ్వబడింది. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య జాబితాలో దీని సంఖ్య 311.

ఈ కుక్క కొత్తవారికి దూరంగా ఉంటుంది. అపాయం తోచినపుడు ఎదిరించడం కంటే తప్పుకోవడానికే ఇష్టపడుతుంది. ఈ స్వభావం జాతి ప్రమాణాలలో కూడా పేర్కొనబడినది.

వైవిధ్యం తగ్గడానికి కారణాలు

వంశావళి పుస్తకంలో నమోదైన కుక్కలకు మాత్రమే సంతతిని పొందే అవకాశం ఇస్తే, మొదటి కుక్కలలో లేని జన్యువులు ఆ జాతిలోకి వచ్చే దారి మూసుకుపోతుంది. ఉన్నవి మాత్రం తరతరానికీ కొన్ని చొప్పున నశిస్తూనే ఉంటాయి.

రక్తసంబంధీకుల మధ్య సంతానోత్పత్తిని అంతఃప్రజననం అంటారు. ఒక జన్యువు యొక్క రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుండి సంక్రమించే అవకాశాన్ని బట్టి దీనిని కొలుస్తారు. తెలుగువారికి పరిచయమైన మేనరికాలలో బావామరదళ్ళ సంతానానికి ఈ విలువ 6.25 శాతం, మేనమామ, మేనకోడళ్ళ సంతానానికి 12.5 శాతం. తండ్రికీ కూతురికీ జతకట్టిస్తే 25 శాతం. సార్లోస్ జాతికి పునాది ఇటువంటి కలయికలతోనే పడింది.

కుక్కల సంఖ్య పెరిగినంత మాత్రాన ఈ పరిస్థితి మారదు. ఉదాహరణకు 50 ఆడ కుక్కలకు 5 మగ కుక్కలే తండ్రులైతే, జన్యుపరంగా ఆ గుంపు సుమారు 18 కుక్కలతో సమానం. అందులో అంతఃప్రజననం తరానికి 2.75 శాతం చొప్పున పెరుగుతుంది. అవే 50 ఆడ కుక్కలకు 25 మగ కుక్కలను వాడితే ఈ పెరుగుదల 0.75 శాతానికి తగ్గుతుంది. పెంపుడు జంతువుల సంరక్షణలో ఇది తరానికి 1 శాతం మించరాదన్నది సాధారణ నియమం. ప్రదర్శనలలో బహుమతి పొందిన ఒకే మగ కుక్కను అందరూ కోరుకోవడం వలన జరిగే నష్టం దీనిని బట్టి తెలుస్తుంది. అయితే తండ్రుల సంఖ్యను పెంచితే నష్టం వేగం తగ్గుతుందే గాని, పోయిన జన్యువులు తిరిగి రావు.

వంశపారంపర్య వ్యాధులు

ఈ జాతిలో ప్రధానమైనది పీయూష గ్రంథి లోపం వలన కలిగే మరుగుజ్జుతనం. వ్యాధి ఉన్న పిల్లలు ఎదగవు. పసి బొచ్చు అలాగే ఉండి, క్రమంగా రాలిపోతుంది. చాలా పిల్లలు చిన్న వయసులోనే మరణిస్తాయి. ఎల్.హెచ్.ఎక్స్.3 అనే జన్యువులోని మార్పు దీనికి కారణం. ఇది అంతర్గత లక్షణం. అంటే తల్లి నుండీ తండ్రి నుండీ లోపమున్న ప్రతి వచ్చినపుడే వ్యాధి బయటపడుతుంది. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న కుక్క ఆరోగ్యంగానే ఉంటుంది. అటువంటి కుక్కను వాహకం అంటారు.

2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పరీక్షించిన ఆరోగ్యవంతమైన సార్లోస్ కుక్కలలో 31 శాతం వాహకాలని తేలింది. జన్యు పరీక్షతో వీటిని గుర్తించవచ్చును. కాని వాహకాలన్నింటినీ తొలగిస్తే జాతిలో దాదాపు మూడో వంతు పోతుంది. వాటితో పాటు వాటిలోని మంచి జన్యువులు కూడా పోయి, అసలు సమస్య మరింత తీవ్రమవుతుంది. అందువలన వాహకాన్ని ఆ లోపం లేని కుక్కతో మాత్రమే జతకట్టించడం మేలైన మార్గం. అపుడు పిల్లలలో సగటున సగం వాహకాలవుతాయి గాని, ఒక్కటి కూడా వ్యాధిగ్రస్తం కాదు.

పరీక్ష కనిపెట్టిన వ్యాధులకే ఈ జాగ్రత్త పనిచేస్తుంది. ఇంకా గుర్తించని లోపాలు జాతిలో పేరుకుపోకుండా ఉండాలంటే కొత్త రక్తం అవసరం.

జాతి ఎంపిక

పరిశీలనకు వచ్చే జాతులు, వాటి గుణదోషాలు:

చెకోస్లోవేకియా తోడేలు కుక్క – రూపంలో సార్లోస్‌కు అతి దగ్గరగా ఉంటుంది. చెకోస్లోవేకియాలో కారెల్ హార్ట్ల్ ప్రయోగాలలో 1958లో దీని మొదటి పిల్లలు పుట్టాయి. దీని మూలం కూడా జర్మన్ షెపర్డ్, తోడేలు కలయికే. పైన చెప్పిన అధ్యయనంలోనే ఈ జాతి కుక్కలలో 21 శాతం మరుగుజ్జుతనానికి వాహకాలని తేలింది. చూడటానికి తేడా రాదు, కాని పాత లోపమే తిరిగి రావచ్చు.

జర్మన్ షెపర్డ్ – సంఖ్య చాలా ఎక్కువ, వంశ వివరాలు పుష్కలం. మరుగుజ్జుతనానికి కారణమైన జన్యు మార్పును మొదట గుర్తించినది ఈ జాతిలోనే. వెన్నుపామును క్రమంగా క్షీణింపజేసే వ్యాధి కూడా దీనిలో కనిపిస్తుంది.

తెల్ల స్విస్ షెపర్డ్ – జర్మన్ షెపర్డ్‌లలో పుట్టిన తెల్ల కుక్కల నుండి ఏర్పడి, వేరుగా పెంచబడిన జాతి. స్వభావం సాధువు. తెలుపు అంతర్గత లక్షణం కనుక బూడిద రంగు కుక్కతో కలిపినపుడు అది మొదటి తరంలో సాధారణంగా కనిపించదు. పైగా లేత పసుపు నుండి తెలుపు వరకు గల రంగులు సార్లోస్ ప్రమాణాలలో ఉన్నవే. కొన్నింటిలో ఐవర్‌మెక్టిన్ వంటి మందులు విషమించే జన్యు లోపం ఉంటుంది. దీనికి పరీక్ష ఉంది. నెదర్లాండ్స్‌లో బాహ్య సంకరణానికి ఈ జాతిని వాడారు.

సైబీరియన్ హస్కీ – రక్తంలో దూరం కనుక తెచ్చే వైవిధ్యం ఎక్కువ. కాని వేటాడే గుణం బలమైనది, తోక వీపు మీదికి వంపు తిరుగుతుంది. ఈ జాతిలోని నీలి కళ్ళకు కారణమైన జన్యు మార్పు ఒక్క ప్రతి ఉన్నా పిల్లలలో బయటపడగలదు.

తోడేలు – కొత్త జన్యువులు నిశ్చయంగా లభిస్తాయి. అయితే భీతి, మనుషులకు దూరంగా పారిపోయే గుణం ఎక్కువవుతాయి. గడచిన నాలుగు తరాలలో తోడేలు పూర్వికులున్న సంకర జంతువులకు ఐరోపా సమాఖ్య వన్యప్రాణి వర్తక నిబంధనలు వర్తిస్తాయి. ఇంటిలో పెంచే కుక్కకు ఇది తగినది కాదు.

దీనిని బట్టి ఎంపికలో ముందుగా చూడవలసినవి రక్త దూరం, ఆరోగ్యం, స్వభావం. రూపం ఆ తరువాతిది. ఎందుకంటే రూపాన్ని కొన్ని తరాలలో తిరిగి సాధించవచ్చు. భయస్వభావాన్నీ, వ్యాధినీ తొలగించడం అంతకంటే కష్టం.

సంకరణ విధానం

మొదటి తరం పిల్లలలో కొత్త జాతి వాటా 50 శాతం. వాటిని సార్లోస్ కుక్కలతో జతపరిస్తే తరువాతి తరాలలో అది సగటున 25, 12.5, 6.25 శాతంగా తగ్గుతుంది.

ఇక్కడ పిల్లల సంఖ్యకు ప్రాముఖ్యం ఉన్నది. తల్లిలో గాని తండ్రిలో గాని ఉన్న రెండు ప్రతులలో ఒకటి మాత్రమే పిల్లకు చేరుతుంది. కాబట్టి ఒక ఈతలో ఒక్క పిల్లనే ఎంచుకుంటే, కోరిన ప్రతి నిలిచే అవకాశం 50 శాతం. మూడు పిల్లలను ఎంచుకుంటే 87.5 శాతం, అయిదింటిని ఎంచుకుంటే సుమారు 97 శాతం. ప్రతి తరంలోనూ తోడేలులా కనిపించే ఒక్క పిల్లనే ఉంచుకుని మిగిలినవాటిని విడిచిపెడితే, కష్టపడి తెచ్చిన జన్యువులు మళ్ళీ చేజారిపోతాయి.

ఇతర జాతులలో అనుభవం

డాల్మేషియన్ కుక్కలలో యూరిక్ ఆమ్లం వలన మూత్రాశయంలో రాళ్ళు ఏర్పడే లోపం జాతి అంతటా వ్యాపించి ఉండేది. 1973లో అమెరికాలో రాబర్ట్ షైబుల్ ఒక పాయింటర్ కుక్కతో సంకరణం చేసి లోపం లేని వంశాన్ని రూపొందించాడు. అనేక తరాల తరువాత ఈ కుక్కలకూ మిగిలిన డాల్మేషియన్లకూ చూపులకు భేదం లేకపోయినా, అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిని 2011లో గాని అంగీకరించలేదు. నార్వేకు చెందిన లుండెహుండ్ జాతి విషయంలో ఒకే జాతిపై ఆధారపడక బుహుండ్, ఐస్‌లాండ్ గొర్రెల కాపరి కుక్క, నోర్‌బోటన్ స్పిట్జ్ అనే మూడింటితో సంకరణం చేపట్టారు.

అభ్యంతరాలు

బాహ్య సంకరణం వలన జాతి స్వచ్ఛత చెడుతుందని కొందరు పెంపకందార్లు వాదిస్తారు. తొలి తరాలలో రూపంలోనూ స్వభావంలోనూ తేడాలు రావడం, కొత్త వ్యాధులు ప్రవేశించే ప్రమాదం ఉండడం వాస్తవమే. ఎంపికకు ముందు పరీక్షలు, ఆ తరువాత అనేక తరాల నమోదు అవసరమయ్యేది ఇందువలననే. అయితే సార్లోస్ జాతే రెండు వేర్వేరు జంతువుల కలయికతో పుట్టినది. వంశావళి పుస్తకాన్ని మూసివేసిన తరువాతనే దానికి స్వచ్ఛత అన్న మాట వర్తించింది. ఆ మూసివేత వలన కలిగిన నష్టాన్ని పూడ్చడమే బాహ్య సంకరణం ఉద్దేశం.

ఇవి కూడా చూడండి

తోడేలు
జర్మన్ షెపర్డ్
మెండెల్ సూత్రాలు
మేనరికం