బద్ధకం కాదమ్మా, థైరాయిడ్!

మా వీధిలో ఒక వదిన ఉంది. మామగారు బిన్నీ మిల్లులో పనిచేసిన ఇల్లు. తెల్లారి నాలుగున్నరకే బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడే మనిషి, ఆర్నెల్లుగా పొద్దెక్కినా లేవలేకపోయింది. జుట్టు ఊడింది, మొహం ఉబ్బింది, తిండి తగ్గించినా ఒళ్లు పెరిగింది. చెన్నై ఎండల్లోనూ చలేస్తోందని ఫ్యాను ఆపమనేది. ఇంట్లోవాళ్లు "బద్ధకం" అన్నారు. పాపం, ఆమె కూడా అదే నమ్మింది. చివరికి రక్తపరీక్షలో తేలింది: థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోంది.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. చెన్నై, హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి దాదాపు 11 మందికి ఇది ఉందని తేలింది. ఆడవాళ్లలో ఎక్కువ, మగవాళ్లకూ వస్తుంది.

అసలేం జరుగుతుంది?

థైరాయిడ్ మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి. ఒళ్లు ఎంత వేగంగా పనిచేయాలో దాని హార్మోన్లు నిర్ణయిస్తాయి. మన మిల్లు భాషలో చెప్పుకుందాం. మగ్గం నెమ్మదిస్తే మేస్త్రీ గొంతు పెంచుతాడు కదా? అలాగే థైరాయిడ్ నెమ్మదిస్తే, మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా వదులుతుంది. అందుకే రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగా పెరిగిందంటే, మామూలుగా థైరాయిడ్ పని తగ్గిందని అర్థం. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

చాలామందిలో కారణం, ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే పొరపాటున ఆ గ్రంథి మీద పడటం. 1912లో దీన్ని వివరించిన జపాన్ డాక్టరు హషిమోటో పేరే ఈ జబ్బుకు పెట్టారు. అయోడిన్ ఉప్పు తప్పకుండా వాడండి. కానీ ఉప్పు ఎక్కువ తింటే ఈ జబ్బు నయం కాదు.

మాత్ర ఎలా వేసుకోవాలి?

గ్రంథి తయారు చేయలేని హార్మోన్‌నే లీవోథైరాక్సిన్ మాత్రగా ఇస్తారు. ఇది అలవాటుపడే మత్తుమందు కాదు.

- పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. కాఫీ, టిఫిను అరగంట నుంచి గంట తర్వాతే.
- ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి. లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు.
- డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి.
- సీసాను పొయ్యి పక్కన, ఎండ తగిలేచోట పెట్టకండి.
- పక్కింటి అక్క డోసు మీరు వేసుకోకండి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు, పెద్దవయసువాళ్లకు తక్కువతో మొదలుపెడతారు.

క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి మామూలుగా తినొచ్చు.

ఇది మాత్రం మరవకండి

ఒళ్లు తేలికపడగానే "తగ్గిపోయింది" అని మాత్ర ఆపేస్తారు. తగ్గింది మాత్ర వల్లే! చాలామందికి జీవితాంతం అవసరం. కోడలో, కూతురో గర్భిణి అయితే మాత్ర ఆపకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. డోసు పెంచాల్సి రావచ్చు.

ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు అయనావరం ఈఎస్ఐ ఆసుపత్రిలో, లేనివాళ్లు స్టాన్లీ, కీల్పాక్ ప్రభుత్వాసుపత్రుల్లో చూపించుకోవచ్చు.

మా వదిన ఇప్పుడు మళ్లీ కుళాయి దగ్గర అందరికంటే ముందుంటోంది. మీ ఇంట్లో ఎవరైనా ఊరికే నీరసపడుతుంటే, తిట్టే ముందు ఒక్కసారి పరీక్ష చేయించండి.