యారాడ తీరాన ఒక దిద్దుబాటు

పాలకుర్తి పిల్లలకు రాయి కొత్త కాదు; సముద్రమే కొత్త. సోమేశ్వర, లక్ష్మీనరసింహస్వాముల గుహాలయాలున్న గుట్ట నీడలో పెరిగిన మా విద్యార్థులను వెంటబెట్టుకొని ఒకమారు విశాఖపట్టణం వెళ్లాను.

అక్కడ నౌకాశ్రయం పక్కన డాల్ఫిన్స్ నోస్ అని పిలిచే కొండ సముద్రంలోనికి చొచ్చుకొని ఉన్నది. దాని వెనుకనే యారాడ. మూడు దిక్కుల కొండలు, నాలుగవ దిక్కున బంగాళాఖాతం. అలల హోరులో పక్కవాని మాట వినరాదు. అందమైన తీరమే గాని, లోనికి లాగే ప్రవాహం ప్రమాదకరమైనది. అందుచేత పిల్లలను నీటిలో దిగనీయలేదు.

కాలిన ఇటుకవలె ఎర్రబారిన కొండచరియను చూచి ఒక బాలుడు, "సార్, ఇది అగ్నిపర్వతమా?" అని అడిగాడు. "అవును" అన్నాను. ఆ క్షణాన ఆ జవాబు రమ్యంగా తోచింది. ఇంతలో ఒక బాలిక ఎర్రని పలుకులున్న రాతిముక్కను తెచ్చి, "మన గుట్ట రాతిలోనూ పలుకులున్నవి గదా! అదీ అగ్నిపర్వతమేనా?" అన్నది. నాకు మాట రాలేదు.

ఇంటికి వచ్చి గ్రంథాలు తిరగవేశాను. భూమిపైకి ఉబికిన లావా త్వరగా చల్లారుతుంది గనుక దాని పలుకులు కంటికి ఆనవు. అట్టి నల్లరాయి రాజమహేంద్రవరం చెంత కడియం, పంగిడి ప్రాంతాలలో ఉన్నది. అది సుమారు 6½ కోట్ల ఏండ్ల నాటిది. మా రైలు ఆ సీమ మీదుగానే సాగింది. మేమెవరమూ కిటికీలోనుంచి తొంగిచూడలేదు! మన గుట్టలోని గ్రానైటు, భూగర్భంలోనే శిలాద్రవం మెల్లగా చల్లారగా ఏర్పడినది. కనుకనే పలుకులు పెద్దవి.

విశాఖ కొండలలో విస్తారంగా ఉన్నది ఖోండలైటు. ఖోందు గిరిజనుల పేరిట 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని పెట్టిన పేరిది. పూర్వం నీటి అడుగున పేరుకొన్న బురద, ఇసుక భూగర్భంలో వేడికి, ఒత్తిడికి మారి ఈ శిల అయినవి. ఆ ఎర్రని పలుకులు గార్నెట్లు. నీటిలో పుట్టిన రాయి తిరిగి నీటి ఒడ్డుకే చేరినదన్నమాట. నేను చెప్పిన కట్టుకథకన్న ఈ నిజమే ఎక్కువ అద్భుతం.

మరునాడు తరగతిలో, "నిన్నటి నా జవాబు తప్పు" అని నల్లబల్లపై వ్రాశాను. పిల్లలెవరూ నవ్వలేదు. ఆ బాలిక మాత్రం లేచి, దాచుకొన్న రాతిముక్కను నా బల్లమీద పెట్టింది.