కొత్త ఆటగాడి వంతా, రుజువైన ఆటగాడా? అనిశ్చితత్వంలో ఎంపిక

గుడివాడ, నందివాడ ప్రాంతంలో చేపల చెరువు సాగుచేసే రైతుకు చెరువు పట్టిన ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. చిన్న చేపపిల్లను చవగ్గా తెచ్చి వదలాలా? ఇరుకు చెరువులో తక్కువ మేతతో నెలల తరబడి నిలిపి ఉంచిన జీరో పాయింట్ పిల్లను ఎక్కువ ధరకు కొనాలా? చిన్నపిల్లలో ఎన్ని బతుకుతాయో ముందుగా తెలియదు. జీరో పాయింట్ శీలావతి, బొచ్చె ఆ గండం దాటి వచ్చినవి. విశాలమైన నీరు, చాలినంత మేత దొరికితే త్వరగా ఎదుగుతాయి. రైతు చెల్లించే అదనపు ధరలో పెద్ద భాగం దాటిన ఆ గండానికే.

ఇదే ప్రశ్న అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్‌లో కోట్ల డాలర్ల బేరంగా కనిపిస్తుంది. అక్కడి ఒప్పందాలు, ఫలితాలు అందరికీ తెలిసేవే కాబట్టి మన పాఠానికి బాగా పనికివస్తాయి. ఎన్‌బీఏ అనే ఆ లీగులో 30 జట్లున్నాయి. కొత్త ఆటగాళ్లను జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకుంటాయి. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. కిందటి సీజన్‌లో బాగా ఓడిన జట్లకు లాటరీలో ముందు వంతు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ వంతే డ్రాఫ్ట్ పిక్. దాన్ని వాడుకోవచ్చు, లేదా మరో జట్టుకు ఇచ్చి ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు.

క్లీవ్‌లాండ్ జట్టుకు 2013లోనూ 2014లోనూ మొదటి వంతే వచ్చింది. 2013లో ఆంథొనీ బెన్నెట్‌ను తీసుకుంది. అతను లీగులో నాలుగు సీజన్లకు మించి నిలవలేదు. 2014లో 19 ఏళ్ల ఆండ్రూ విగిన్స్‌ను ఎంచుకుంది. అదే జులైలో లెబ్రాన్ జేమ్స్ ఆ జట్టుకు తిరిగివచ్చాడు. అప్పటికి అతనికి 29 ఏళ్లు. ఇక విగిన్స్ పండేదాకా ఆగే తీరిక జట్టుకు లేదు. ఆగస్టు 23న విగిన్స్‌నూ బెన్నెట్‌నూ మిన్నెసోటాకు ఇచ్చి కెవిన్ లవ్‌ను తెచ్చుకుంది. లవ్‌కు అప్పుడు 25 ఏళ్లు. అంతకు ముందు సీజన్‌లో ఆటకు సగటున 26.1 పాయింట్లు చేశాడు.

ఈ బేరాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. కింది అంకెలు కేవలం ఊహ. ఒక మంచి వంతుతో వచ్చే ఆటగాడు మేటి కావడానికి సంభావ్యత 0.3, అతని విలువ 16 యూనిట్లు. మామూలు ఆటగాడు కావడానికి 0.3, విలువ 4. అసలు పనికిరాకపోవడానికి 0.4, విలువ సున్న. ఆశించిన విలువ 4.8 + 1.2 + 0 = 6 యూనిట్లు. రుజువైన ఆటగాడి విలువ ఖాయంగా 5 అనుకుందాం. సగటు ప్రకారం వంతును ఉంచుకోవడమే మేలు. అయినా ఇచ్చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. విద్యార్థులు సాధారణంగా పొరబడేది ఇక్కడే: సగటు పలుమార్లు ఆడగలిగినవాడికి దక్కుతుంది. చేతిలో పది వంతులున్న జట్టుకు 6 అనే అంకెకు అర్థముంది. ఒక్క వంతే ఉన్న జట్టుకు దక్కేది 16 గాని, 4 గాని, సున్న గాని; 6 ఎప్పటికీ రాదు.

అందుకే కాలవ్యవధి కీలకం. నందివాడలో సొంత చెరువులు అయిదారు ఉన్న ఆసామి ఒకదానిలో చిన్నపిల్ల పోయినా మిగతావాటితో సర్దుకుంటాడు. అప్పు తెచ్చి ఒక్క చెరువు కౌలుకు తీసుకున్న రైతుకు కౌలు గడువు లోపలే చేప తూకానికి రావాలి. అతను జీరో పాయింట్‌కు ఎక్కువ పెట్టడాన్ని పిరికితనమనడం సరికాదు. అర్థశాస్త్రంలో దీన్ని నష్టభయ విముఖత అంటారు గాని, ఆ మాట మనిషి స్వభావాన్ని చెబుతున్నట్టుంటుంది. నిజానికి అది ఎక్కువగా అతని పరిస్థితిని చెబుతుంది.

మరో రెండు విషయాలు లెక్కలో చేరాలి. ఒకటి జీతం. మొదటి రౌండులో వచ్చిన కొత్త ఆటగాడి జీతం మొదటి నాలుగేళ్లూ నిర్ణీత పట్టిక ప్రకారమే ఉంటుంది. అతను మేటి అయితే జట్టుకు చవగ్గా దొరికినట్టే. రుజువైనవాడికి పూర్తి ధర చెల్లించాలి. రెండోది, అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడన్న ప్రశ్న. లవ్ 2015 వేసవిలో ఒప్పందం వదిలి వెళ్లిపోగలడు. అలా వెళితే మిన్నెసోటాకు ఏమీ మిగలదు. సరుకులో లోపం లేకున్నా అమ్మకందారుకు తొందర ఉంది. జీరో పాయింట్ కొనేటప్పుడు మన రైతు కూడా ఇదే ఆరా తీస్తాడు: చెరువు ఖాళీ చేయాలనా, పిల్లకు జబ్బు తగిలిందనా?

ఫలితం చూస్తే, లవ్ ఉన్న క్లీవ్‌లాండ్ 2016లో టైటిల్ గెలిచింది. విగిన్స్ కూడా 2022లో టైటిల్ గెలిచాడు. కాని అది మిన్నెసోటాకు కాదు, తరవాత అతన్ని తీసుకున్న గోల్డెన్ స్టేట్‌కు.

ఈ బేరం మితిమీరితే జట్టు భవిష్యత్తే ఖాళీ అవుతుంది. 1980ల తొలినాళ్లలో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ చాలా వంతులను ఇలాగే పంచిపెట్టాడు. ఆ తరవాత వరసగా రెండు భవిష్యత్ సీజన్ల మొదటి రౌండు వంతులు లేకుండా ఏ జట్టూ మిగలకూడదని లీగు నిబంధన పెట్టింది. దానికి ఇప్పటికీ అతని పేరే ఉంది.

అభ్యాసం: నాగాయలంక, మచిలీపట్నం తీరంలోని వనామి రొయ్యల రైతు హేచరీ నుంచి తెచ్చిన చిన్నపిల్లపైనే ఎక్కువగా ఆధారపడతాడు. అందుకే చెరువులో వదిలే ముందు తెల్లమచ్చ వ్యాధి ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. ఆ పరీక్ష పై లెక్కలోని ఏ అంకెలను మారుస్తుంది? దానికి రైతు గరిష్ఠంగా ఎంత చెల్లించవచ్చు? మీరే అంకెలు ఊహించి లెక్కించండి.