నాలుగు శ్రుతి గొంతులు

హార్మోనియం మీద నాలుగో తెల్లమెట్టుని షడ్జమంగా పెట్టుకుని మగవాడు పాడతానంటే కచేరీ విద్వాంసులు ఆశ్చర్యపోతారు. వాళ్ళలో ఎక్కువమంది ఒకటి, ఒకటిన్నర, మహా అయితే రెండు శ్రుతి దగ్గర కూర్చుంటారు. మా నాటకాలవాళ్ళకి నాలుగు మామూలు. నాలుగున్నర, ఐదు పట్టే కృష్ణ పాత్రధారులకి కూడా నేను వాయించాను. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, పెనుగంచిప్రోలు చుట్టుపక్కల ఊళ్ళలో పద్య నాటకాలకి హార్మోనియం వాయిస్తూ, కుర్రాళ్ళకి పద్యాలు నేర్పుతూనే నా బతుకు గడిచింది. 2022 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. మా నోటికి మాత్రం ఇప్పటికీ కృష్ణాజిల్లా మెట్టే.

నాలుగు శ్రుతి ఎంత ఎత్తో లెక్క కట్టి చూపిస్తాను. ఆ శ్రుతిలో మధ్య షడ్జమం పలికినప్పుడు గొంతులోని స్వరతంత్రులు సెకనుకి దాదాపు 175 సార్లు కంపిస్తాయి. తారస్థాయి షడ్జమానికి 349 సార్లు. కృష్ణుడు అక్కడితో ఆగకుండా పై పంచమం అందుకున్నాడంటే 523 సార్లు. ఐరోపా ఒపెరాలో టెనర్ అనే ఎత్తు మగగొంతుకి పరీక్షగా చెప్పుకునే ‘హై సి’ సరిగ్గా ఈ స్వరమే. అక్కడ ఆ ఒక్క స్వరం పగలకుండా నిలబెట్టడానికి ఏళ్ళ తరబడి సాధన చేయిస్తారు. పక్కన గురువు కూర్చుని దవడ ఎలా ఉంది, మెడ బిగుస్తోందా, ఊపిరి ఎక్కడినుంచి వస్తోంది అని గమనిస్తూ ఉంటాడు. మావాళ్ళు పగలు పొలం పని చేసి, రాత్రి రంగు పూసుకుని, ఏ గురువూ పక్కన లేకుండా ఆ స్వరాన్ని అందుకున్నారు. కొందరు అందుకుని నిలబడ్డారు. చాలామంది నలభై ఐదేళ్ళు దాటేసరికి గొంతు పోగొట్టుకున్నారు. నేనీ వ్యాసం రాస్తున్నది వాళ్ళ కోసమే.

ఒపెరా అంటే కథంతా పాటలోనే నడిచే నాటకం. మన పద్య నాటకంలో మధ్య మధ్య వచనం ఉంటుంది, అక్కడ మొజార్ట్ రాసిన కొన్నిటిలోనూ ఉంటుంది. ఒపెరా గాయకుడికి మైకు ఉండదు. ఎదురుగా గుంటలో పదుల కొద్దీ వాయిద్యాలు మోగుతుంటే, వాటిని దాటి చివరి వరసలో కూర్చున్నవాడికి మాట వినబడాలి. ఇదెలా సాధ్యమో స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ కొలిచి చూపించారు. వాద్యబృందం బలమంతా 500 హెర్ట్జ్, అంటే సెకనుకి 500 కంపనాల చుట్టుపక్కల ఎక్కువ, ఆపైన తగ్గిపోతూ వస్తుంది. తర్ఫీదు పొందిన మగ గాయకుడి గొంతులో 3000 హెర్ట్జ్ దగ్గర ఇంకో శిఖరం లేస్తుంది. వాద్యాలు బలహీనపడే చోట గొంతు బలపడుతుంది కాబట్టి అది చెవిని చేరుతుంది. ఇది అరుపుతో వచ్చేది కాదు. స్వరపేటికకి కాస్త పైన గొంతు గొట్టాన్ని ఒక తీరుగా అమర్చుకుంటే వస్తుంది. మావాళ్ళు కంచుగొంతు అనేది దీన్నేనని నా నమ్మకం. మైకు లేని రోజుల్లో పందిరి చివర తాటాకు చాప మీద కూర్చున్న ముసలమ్మకి రాయబారం పద్యం అక్షరం అక్షరం వినబడిందంటే ఊరికే వినబడలేదు.

మా శిష్యుడి కొడుకు జర్మనీలో ఉద్యోగం చేస్తాడు. ఆ అబ్బాయే నాకు ఫోన్లో ఫ్రిట్జ్ వుండర్‌లిష్ అనే టెనర్ పాట పంపాడు. వుండర్‌లిష్ 1930లో కూసెల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ వాయిద్యాలవాళ్ళు, డబ్బు మాత్రం లేదు. ఫ్రైబుర్గ్‌లో సంగీతం చదువుకునే రోజుల్లో ఖర్చులకి బ్యాండుల్లో వాయించాడు. మొదట హార్న్ అనే ఇత్తడి వాద్యం నేర్చినవాడు కాబట్టి ఊపిరి అతని చేతిలో ఉండేది. 1966లో మెట్ల మీంచి పడి, 36 ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఆ పాట వింటుంటే నాకు పై స్వరాల మీద ధ్యాస నిలవలేదు. పై స్వరానికి వెళ్ళే ముందు అతను తొందరపడకపోవడమే విన్నాను. మావాళ్ళు పై షడ్జమం రాబోతోందంటే రెండు అక్షరాల ముందే మెడ నరాలు ఉబ్బిస్తారు.

జర్మనీలో ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒపెరా థియేటర్లు దాదాపు 80 ఉన్నాయక్కడ. గాయకుడికి నెలజీతం ఉంటుంది. ఏ గొంతు ఏ పాత్రకి సరిపోతుందో ముందే తేల్చి, ఆ వరస పాత్రలే ఇస్తారు. తేలిక గొంతువాడి మీద బరువు పాత్ర మోపరు. వేదిక దిగాక అతనికి రెండో జీవితం కూడా ఉంది. సంగీత విద్యాలయంలో ఆచార్యుడిగానో, ఇంటి దగ్గరో గొంతులు దిద్దుతాడు. డ్రెస్డెన్‌లో బాలగాయకుడిగా మొదలైన పీటర్ ష్రయర్ అరవై ఐదో యేట, 2000లో ఒపెరా వేదిక దిగారు. 2005లో పాడటమే ఆపేశారు. సంగీత నిర్దేశకుడిగా కొనసాగారు, తర్వాతి తరానికి పాఠాలు చెప్పారు. ఈ గొంతు చదువు వెనక రెండు వందల ఏళ్ళ కృషి ఉంది. మాన్యుయెల్ గార్సియా అనే స్పెయిన్ గాత్ర గురువు 1854లో పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దం గొంతులో పెట్టుకుని, ఎండ వెలుతురులో తన స్వరతంత్రులు కదలడం తనే చూశాడు. ఆయన 101 ఏళ్ళు బతికాడు. ఆయన దగ్గర నేర్చుకున్న జూలియస్ స్టాక్‌హౌజెన్ జర్మనీలో పేరున్న గాత్ర గురువు అయ్యాడు.

మన దగ్గర గొప్పవాళ్ళు లేకనా? ధార్వాడ నాటకాలవాళ్ళు వచ్చి వెళ్ళాక, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 1880లలో పద్యాన్నీ పాటనీ తెలుగు రంగస్థలం ఎక్కించారు. ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర వచ్చాయి. ఈ రెండూ లేకపోతే నా హార్మోనియానికి పనే లేదు. మా మెట్టకి దగ్గరలోనే మైలవరం ఉంది. అక్కడి జమీందారు పోషణలో బాలభారతీ సమాజం పేరు మోగింది. ఆ కంపెనీకి పాపట్ల కాంతయ్య గారు కట్టిన మట్లు ఊరూరా పాకాయి.

కృష్ణుల్లో కల్యాణం రఘురామయ్య గారి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1901లో గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టారు. నోట్లో వేలు పెట్టి ఈలతోనే రాగాలు పలికించేవారు కనక ఈలపాట రఘురామయ్య అయ్యారు. ఒకే పద్యాన్ని రాగం తర్వాత రాగం మార్చి పాడేవారు. జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్ళు, ఆయన మళ్ళీ పాడేవారు. 1933లో ‘పృథ్వీపుత్ర’తో సినిమాల్లోకి వెళ్ళినా నాటకం వదల్లేదు. 1973లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1975లో పద్మశ్రీ వచ్చాయి. ఆ ఏడే కన్నుమూశారు. అంతకాలం గొంతు ఎలా నిలబడిందని నన్ను చాలామంది అడుగుతారు. ఆ ఈలలోనే ఉందేమోనని నా ఊహ. ఈల వేసేవాడికి ఊపిరిని సన్నగా, ఒకే వత్తిడితో వదలడం అలవాటవుతుంది. దుబారా చెయ్యడు.

ఇంకో కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు గారు. 1907లో కైకలూరు దగ్గర ఆటపాకలో పుట్టి, ఏలూరులో వకీలుగా ఉంటూ ప్రభాత్ థియేటర్ నడిపారు. పద్యంలో మాట ముందు, రాగం వెనక అనేది ఆయన పద్ధతి. సాగతీత లేకుండా భావం తెలిసేలా పాడేవారు. తర్వాత కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబెట్టి నేర్పించే పనిలో పడ్డారు. వేదిక మీద వెలిగిన మనిషి చదువు చెప్పే చోటికి రావడం మన దగ్గర అరుదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. రఘురామయ్య గారి గొంతు నాకు ఎంత ఇష్టమైనా, కుర్రాళ్ళకి నేర్పేటప్పుడు బందా వారి దారే పడతాను.

మామూలు ఊరి కళాకారుడి సంగతి వేరు. మా వైపు నాటకాల కాలం సంక్రాంతి దాటాక మొదలై శ్రీరామనవమి వరకు. మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళ. మిరపకోతలు, కల్లాల్లో కాయలు ఆరబోయడం కూడా అప్పుడే. పగలంతా ఆ ఘాటులో పనిచేసి, రాత్రి పదింటికి మేకప్ వేసుకుంటాడు మా కృష్ణుడు. గొంతు గీరుకుపోయి ఉంటుంది. కాంట్రాక్టరు ఒకే నాటకానికి ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని పిలుస్తాడు. మొదటి కృష్ణుడు పడక సీను, రెండో కృష్ణుడు రాయబారం. ముందు పాడినవాడు ఎక్కడ ఆపాడో ఆ ఎత్తు నుంచే రెండోవాడు అందుకోవాలి, లేకపోతే జనం లేచిపోతారని భయం. హరిశ్చంద్రలో కాటి సీను ఇంకా కష్టం. బలిజేపల్లి వారి పద్యాలకి తోడు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా పాడతారు. తెల్లవారుజామున ఆ మంచులో ఒక్కడే నిలబడి అన్ని పద్యాలు పాడాలి.

గొంతు పట్టేస్తే మిరియాల కషాయం తాగమంటారు. అతిమధురం, పటికబెల్లం బుగ్గన పెట్టుకోమంటారు. గొంతు తడి ఆరకుండా ఉండటానికి అవి మంచివే. కాని కషాయం వెళ్ళేది ఆహారం వెళ్ళే దారిలోకి. స్వరతంత్రులు ఉండేది గాలి గొట్టం మొదట్లో. తాగినది వాటిని తాకదు. రెండు సెంటీమీటర్లకి కాస్త అటూఇటూ ఉండే ఆ రెండు మడతలు వత్తిడితో ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటే వాటి మీద బుడిపెలు లేస్తాయి. అప్పుడు గొంతు జీరపోతుంది. జీరపోయిన గొంతుతో ఇంకా గట్టిగా పాడితే బుడిపె ఇంకా గట్టిపడుతుంది. మందు విశ్రాంతి, నీళ్ళు, పాడే తీరు మార్చుకోవడం. సీజను మధ్యలో విశ్రాంతి తీసుకోమని చెప్పేవాళ్ళు మా వాళ్ళకి ఎవరున్నారు? నేర్పేవాడు హార్మోనిస్టు. మాకు మట్టు తెలుసు, రాగం తెలుసు. గొంతు సంగతి ఎవరికి వారు పడి లేచి తెలుసుకోవలసిందే. వేదిక దిగిన గాయకుడికేమో ఆ విషయాలన్నీ తెలుసు, కాని అతన్ని పిలిచి నేర్పమన్నవాళ్ళు లేరు. కిరాణా కొట్టు పెట్టుకున్నవాళ్ళని, తోటకి కాపలా ఉన్నవాళ్ళని నేనెరుగుదును.

నేను నేర్పే పద్ధతి చెబుతాను. వచ్చినవాడు ముందు రాయబారం పద్యం అడుగుతాడు. ఇవ్వను. పొద్దున్నే కింది షడ్జమం దగ్గర అకారం పట్టిస్తాను. మంద్రంలో గొంతు కుదురుకోనివాడికి తారస్థాయి నిలవదు. రెండు వేళ్ళు దవడ కింద పెట్టుకోమంటాను. అక్కడ కండ గట్టిపడితే ఆపేసి మళ్ళీ మొదలు. ఆ తర్వాత పద్యాన్ని రాగం లేకుండా, మామూలు మాటలా చదివిస్తాను. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, యతి పదో అక్షరం మీద. బళ్ళో చదువుకున్నవాడు యతి రాగానే ఊపిరి పీలుస్తాడు. అక్కడ సమాసం రెండు ముక్కలవుతుంది, అర్థం చెడుతుంది. తెలుగు పద్యంలో యతి దగ్గర ఆగాలని ఏమీ లేదు. మాట పూర్తయిన చోటే ఊపిరి తీసుకోవాలి. కొన్నిసార్లు అది రెండో పాదం మధ్యలో పడుతుంది. పెన్సిలుతో పుస్తకంలో ఆ చోట్లు గీతలు పెట్టిస్తాను. శార్దూలం పాదం 19 అక్షరాలూ ఒక్క ఊపిరిలో, చివరి అక్షరం దాకా ఒకే నిండుదనంతో వస్తేనే రాగం మాట ఎత్తుతాను. మోహన మొదట, కాంభోజి చాలా తర్వాత.

నాకో కోరిక ఉంది. విజయవాడలో ఘంటసాల గారి పేరు మీద ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. ఒకప్పుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ప్రిన్సిపాలుగా పనిచేసిన చోటు. మా మెట్ట నుంచి అక్కడ చేరిన పిల్లలు కీర్తనలు చక్కగా నేర్చుకుని వచ్చారు. అక్కడ రంగస్థల పద్యానికి కూడా ఒక గది ఇచ్చి, వేదిక దిగిన హరిశ్చంద్రుల్ని, ధర్మరాజుల్ని జీతమిచ్చి కూర్చోబెట్టాలి. డిగ్రీలు అడగకూడదు. ఏడాదికి రెండుసార్లు గొంతు డాక్టరు వచ్చి పిల్లల స్వరతంత్రులు కెమెరాతో చూడాలి. అదేమంత ఖర్చయ్యే పని కాదు.

ప్రస్తుతం నా దగ్గర చందర్లపాడు వైపు నుంచి ఒక కుర్రాడు వస్తున్నాడు. సొంత మిరపతోట. గొంతులో కంచు ఉంది. రాబోయే తిరునాళ్ళలో రెండో కృష్ణుడిగా రాయబారం ఒప్పుకొచ్చాడు. “మాస్టారూ, ఐదు పెట్టండి, అందుతుంది,” అంటాడు. అందుతుంది, నాకూ తెలుసు. ఇప్పటికి మూడు దగ్గరే ఉంచాను. కల్లం పని జరిగినన్నాళ్ళూ ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమన్నాను, నాటకం ఉన్న రోజు తోటలోకే వెళ్ళొద్దన్నాను. కాంట్రాక్టరుతో నేనే మాట్లాడాను. మొదటి కృష్ణుడు ఏ శ్రుతిలో పాడినా మావాడు తన శ్రుతిలోనే పాడతాడని, సీను మారేటప్పుడు హార్మోనియం మీద శ్రుతి మార్చే బాధ్యత నాదని చెప్పాను. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.